రేవు కూలీల న్యాయవాది ఎర్నెస్ట్ బెవిన్

తెల్లవారి ఆరు గంటలకు హైదరాబాదు నగరంలో ఏ పెద్ద కూడలికి వెళ్లినా ఒక దృశ్యం మన కంటబడుతుంది. పారలు, తట్టలు, తాపీలు, రంగు డబ్బాలు చేతబట్టుకొని స్త్రీ పురుషులు గుంపులు గుంపులుగా నిలబడి ఉంటారు. దీనినే మనవారు అడ్డా అంటారు. మేస్త్రీ వస్తాడు, అందరి వంక ఒకసారి చూపు సారిస్తాడు, ఇద్దరిని పిలుస్తాడు. మిగిలినవారు మరొక మేస్త్రీ కోసం ఎదురుచూస్తారు. పది గంటలైనా పిలుపు రానివారు తెచ్చుకొన్న సద్దిమూటతోనే ఇంటిదారి పడతారు. ఆ నాలుగు గంటల నిరీక్షణకు వెల కట్టేవారెవరూ లేరు.

ఇట్టి అడ్డాయే నేడు మరొక రూపంలో చేతి ఫోనులో ప్రవేశించింది. తరగతులు ముగియగానే మోటారు సైకిలెక్కి, హోటళ్ల నుండి అన్నం పొట్లాలు ఇంటింటికీ చేరవేసే విద్యార్థులు మా కళాశాలలోనే కొందరున్నారు. వారిని ప్రశ్నిస్తే, ఇష్టమైనప్పుడు పని చేస్తాము, ఇష్టం లేనప్పుడు మానుకొంటాము, మా మీద అధికారి ఎవరూ లేడు అని కొంత గర్వంగానే చెబుతారు. ఆ గర్వంలో నిజం లేకపోలేదు. అయితే ఫోను తెరచి హోటలు గుమ్మం ముందు కూర్చున్న రెండు గంటలూ పని కాలమా, కాదా అని అడిగితే వారు సమాధానం చెప్పలేక నవ్వి ఊరుకొంటారు. వెసులుబాటు పని అని నేడు పెద్ద పేరు పెట్టి చెప్పే ఈ విధానం కొత్తదని చాలామంది అనుకొంటున్నారు. ఇది చాలా పాతది. దీనిని కార్మిక సంఘాలు ఎట్లా ఎదుర్కొన్నాయో తెలిసికొనడానికి ఒక మనిషి జీవితం చాలు. ఆయన పేరు ఎర్నెస్ట్ బెవిన్.

ఈ పేరు వినగానే మా పాఠకులలో పెద్దవారికి పాలస్తీనా వ్యవహారం జ్ఞప్తికి రావచ్చు. 1945 నుండి 1951 వరకు బ్రిటిషు విదేశాంగ మంత్రిగా ఉన్నది ఈయనే. ఆ రాజకీయ చరిత్ర వేరు, దానికి వేరే వ్యాసం కావాలి. మరికొందరు ఈయనను అదే మంత్రివర్గంలో ఉండి జాతీయ ఆరోగ్య పథకాన్ని నెలకొల్పిన అన్యూరిన్ బెవాన్‌తో పొరబడుతుంటారు. ఇద్దరూ ఒకే పార్టీవారు, ఇద్దరూ కార్మికులే, ఒకరికొకరు గిట్టనివారు. మేము వ్రాయదలచినది బెవిన్ గురించి, అందులోనూ ఆయన మంత్రి కాకపూర్వపు కథ గురించి.

బెవిన్ 1881 మార్చిలో ఇంగ్లండులోని సామర్సెట్ మండలంలో విన్స్‌ఫర్డ్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి ఎవరో ఆయనకు తెలియదు. తల్లి ఇళ్లలో పాచిపని చేసి పిల్లలను పోషించింది. 1889లో ఆమె మరణించినప్పుడు బాలునికి ఎనిమిదేళ్లు. వివాహితయైన అక్క చేరదీసి పెంచింది. పదకొండో యేట బడికి స్వస్తి చెప్పి పొలం పనికి కుదిరాడు. పదమూడో యేట బ్రిస్టల్ నగరం చేరి, ఎన్నో చిల్లర పనులు చేసి, చివరకు సోడా సీసాల గుర్రపు బండి తోలే పనిలో స్థిరపడ్డాడు. బండి తోలే వాని మీద పగలంతా కాపలా ఉండదు. తన దారి తాను ఎంచుకొనవచ్చు, తన మాట నేర్పుతో సరుకు అమ్ముకొనవచ్చు. వెసులుబాటు పనిలోని తీపి ఎట్లాంటిదో బెవిన్ అనుభవపూర్వకంగా ఎరిగినవాడు. ఈ విషయం పాఠకులు గుర్తుంచుకొనవలె.

ఆ తల్లి మరణించిన 1889వ సంవత్సరంలోనే లండన్ రేవులో చరిత్రాత్మకమైన సమ్మె జరిగింది. దాని సంగతి చెప్పనిదే బెవిన్ కథ బోధపడదు.

ఓడరేవులో పని ఎప్పుడూ ఒకేరీతిగా ఉండదు. ఓడలు సముద్రపు పోటును బట్టి, గాలిని బట్టి, పంట కాలాన్ని బట్టి వస్తాయి. ఒకనాడు ఇరవై ఓడలు వస్తే, మరునాడు రెండే రావచ్చు. యజమానులకు ఇరవై ఓడలకు సరిపడే జనం రేవు గేటు దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, కాని రెండు ఓడలనాడు వారికి కూలి ఇవ్వకూడదు. అందుకు వారు కనిపెట్టిన ఉపాయమే పిలుపు. ఉదయం గేటు ముందు వందలాది మంది గుమిగూడుతారు. మేస్త్రీ కొంచెం ఎత్తైన చోట నిలబడి తనకు కావలసినవారిని వేలితో చూపిస్తాడు. ఆ వేలు తమ వైపు తిరగాలని మనుష్యులు ఒకరి మీద ఒకరు పడి త్రొక్కుకొనేవారు. మేస్త్రీకి సారా పోయించినవారికి పని తొందరగా దొరికేది. దొరికినా అది ఒక గంట పనే కావచ్చు. గంట కాగానే లెక్క చూచి పంపివేయవచ్చు.

1889 సమ్మెలో బెన్ టిలెట్, టామ్ మాన్, జాన్ బర్న్స్ నాయకత్వాన ఈ కూలీలు గంటకు ఆరు పెన్నీల కూలి కోరారు. లోకమంతా ఆ ఆరు పెన్నీలనే జ్ఞాపకం పెట్టుకొన్నది. కాని వారు కోరిన మరొకటి మాకు అంతకంటె గొప్పదిగా తోస్తుంది. ఒకసారి పిలిచిన మనిషికి నాలుగు గంటలకు తక్కువ కాకుండా పని ఇవ్వాలన్నది అది. కూలి రేటు కోరడం ఒక ఎత్తు, మనిషి కాలాన్ని ముక్కలుగా తరిగి కొనరాదని కోరడం మరొక ఎత్తు. ఆస్ట్రేలియా కార్మికులు సముద్రాల కావలి నుండి ముప్ఫై వేల పౌనులు పంపి ఆదుకొన్నారు. సమ్మె జయించింది. కాని ఉదయపు పిలుపు మాత్రం పోలేదు.

బ్రిస్టల్‌లో బెవిన్ యవ్వనం బాప్టిస్టు ప్రార్థనా మందిరంలో, ఆపైన సోషలిస్టు సభలలో గడిచింది. మాట్లాడడం ఆయన అక్కడే నేర్చాడు. 1908లో పట్టణంలో నిరుద్యోగం ప్రబలినప్పుడు, కొన్ని వందల మంది నిరుద్యోగులను వరుసగా నడిపించి ఆదివారం ప్రార్థన వేళ బ్రిస్టల్ ప్రధాన దేవాలయంలోకి తీసికొని వెళ్లాడు. కేకలు లేవు, నినాదాలు లేవు. చిరిగిన దుస్తులతో వారు నిశ్శబ్దంగా కూర్చొని, నిశ్శబ్దంగానే లేచి వచ్చారు. మంచి దుస్తులతో వచ్చిన పెద్దమనుష్యులు ప్రక్కకు తిరిగి చూడక తప్పలేదు. వేయి ఉపన్యాసాల వల్ల కాని పని ఒక్క దృశ్యం వల్ల అవుతుందన్న ఎరుక ఈ మనిషికి అప్పటికే ఉన్నది. పన్నెండేళ్ల తరువాత లండన్ న్యాయస్థానంలో అది మరొకసారి బయటపడింది.

1910లో బ్రిస్టల్ ప్రక్కనున్న ఏవన్‌మౌత్ రేవులో సమ్మె వచ్చింది. సమ్మె విరగగొట్టడానికి యజమానులు బండ్ల వారిని ఉపయోగించుకొంటారేమోనని రేవు కూలీల సంఘం భయపడింది. బండ్ల వారికి అప్పటికి సంఘం లేదు. బెవిన్ వారిని కూడగట్టి రేవు కూలీల సంఘంలోనే ఒక శాఖగా చేర్చి, తాను అధ్యక్షుడైనాడు. మరుసటి సంవత్సరం బండి వదలి సంఘంలో జీతం మీద కార్యకర్తగా చేరాడు. చెల్లాచెదురుగా వీధుల వెంట ఒంటరిగా తిరిగే మనుష్యులను సంఘటితపరచడం అసాధ్యమని వాదించేవారికి ఈ ఘట్టం ఒక సమాధానం. బండ్లవారు ఒక చోట కలిసి పని చేసేవారు కారు, కాని గుర్రాలకు నీరు పెట్టే చోట, సరుకు దించే చోట కలుసుకొనేవారు. నేటి మోటారు సైకిలు కుర్రవాళ్లు హోటలు గుమ్మం ముందు కలుసుకొంటున్నట్లే.

ఇక 1920వ సంవత్సరం. రేవు కార్మికులు దేశమంతటా రోజుకు 16 షిల్లింగుల కనీస కూలి, వారానికి 44 గంటల పని కోరారు. సమ్మె చేయడానికి బదులు బహిరంగ విచారణకు వారు ఒప్పుకొన్నారు. లార్డ్ షా అధ్యక్షతన లండన్ న్యాయస్థాన భవనంలో విచారణ జరిగింది. యజమానుల పక్షాన సర్ లిండెన్ మెకాసీ అనే పేరుమోసిన న్యాయవాది నిలబడ్డాడు. కార్మికుల పక్షాన నిలబడినది పదకొండో యేట బడి మానివేసిన బెవిన్. ఆయన తొలి ప్రసంగం మూడు రోజుల మీద పదకొండు గంటలు సాగింది. ఓడల కంపెనీల లాభాల లెక్కలు, గోధుమల ధర, అద్దె, బూట్ల ఖర్చు, పిల్లవాని పాలు, అన్నీ అందులో ఉన్నాయి.

యజమానులు విశ్వవిద్యాలయ గణాంక శాస్త్రాచార్యుడైన ఆర్థర్ బౌలీ చేత సాక్ష్యం ఇప్పించారు. అయిదుగురున్న రేవు కూలీ కుటుంబం వారానికి ఎంతతో బ్రతకవచ్చునో ఆయన లెక్క కట్టి చెప్పాడు. ఆ సాయంకాలం బెవిన్ తన కార్యదర్శిని వెంటబెట్టుకొని, కూలీలు నివసించే క్యానింగ్ టౌన్ బజారుకు వెళ్లి ఆ లెక్క ప్రకారం సరుకులు కొన్నాడు. వండించి, అయిదు పళ్లాలలో పంచి, మరునాడు న్యాయస్థానంలో బల్ల మీద పెట్టాడు. ఓడ నుండి రోజంతా మూటలు మోసి వచ్చిన మనిషికి ఈ పళ్లెం చాలునా అన్నది ఇక ఎవరినీ నోరు విప్పి అడగవలసిన పని లేకపోయింది. బౌలీ దుర్మార్గుడేమీ కాదు, పేదరికాన్ని శ్రద్ధతో పరిశోధించిన పండితుడు. అయినా అంకెలు పళ్లెంలోకి దిగిన తరువాత వేరుగా కనబడ్డాయి. పత్రికలు బెవిన్‌ను రేవు కూలీల రాజన్యాయవాది అని పిలవడం అప్పటినుండే మొదలైనది.

ఈ పళ్లేల కథను అందరూ చెబుతారు. పుస్తకాలలో ఇది ఎంతగా పెరిగిపోయిందంటే, ఆ విచారణలో అసలు విషయం దాని వెనుక మరుగున పడిపోయింది. బెవిన్ కోరినది కూలి పెంపు మాత్రమే కాదు. రేవు కూలీల పేర్లు ఒక జాబితాలో నమోదు కావాలన్నాడు. జాబితాలో ఉన్నవారినే పనికి పిలవాలన్నాడు. పిలుపుకు వచ్చినవాడికి ఆ రోజు పని దొరకకపోతే, ఆ నిరీక్షణకు పరిశ్రమయే భత్యం చెల్లించాలన్నాడు. వెసులుబాటు ఉండరాదని ఆయన అనలేదు. ఓడలు పోటును బట్టే వస్తాయని అందరికంటె ఆయనకే బాగా తెలుసు. ఆ వెసులుబాటుకయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నదే ఆయన వేసిన ప్రశ్న. ఓడ రానినాడు క్రేను ఖాళీగా ఉంటుంది. అయినా దానికి నూనె పోస్తారు, తుప్పు పట్టకుండా రంగు వేస్తారు, ఆ ఖర్చు కంపెనీ లెక్కలోనే వ్రాస్తారు. ఖాళీగా ఉన్న మనిషి ఖర్చు మాత్రం ఆ మనిషి భార్య లెక్కలో ఎందుకు వ్రాయాలి? మా దృష్టిలో వెసులుబాటు పని గురించి నాటి నుండి నేటి వరకు జరుగుతున్న వాదనంతా ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నది.

లార్డ్ షా సంఘం 16 షిల్లింగులను సమ్మతించింది. నమోదు పద్ధతినీ, నిరుద్యోగ భత్యాన్నీ కూడా సమర్థించింది. యజమానులు కూలి ఇచ్చారు, భత్యాన్ని మాత్రం దాటవేశారు. ఆ కూలి కూడా నిలవలేదు. యుద్ధానంతరపు ఆర్థిక మాంద్యంలో అది అంచెలంచెలుగా తగ్గి 1923 నాటికి 10 షిల్లింగులకు దిగింది. 1924 ఫిబ్రవరి సమ్మెతో మరల రెండు షిల్లింగులు రాబట్టారు. న్యాయస్థానంలో గెలిచినది రేవులో నిలబెట్టుకొనడానికి బలమైన సంఘం కావాలని బెవిన్ అప్పటికే గ్రహించాడు. పధ్నాలుగు సంఘాలను ఏకం చేసి 1922 జనవరి 1న రవాణా మరియు సాధారణ కార్మిక సంఘాన్ని స్థాపించి, దానికి ప్రధాన కార్యదర్శి అయినాడు. సుమారు మూడు లక్షల సభ్యులతో ఆరంభమైన ఆ సంఘం ఆయన చేతులలోనే బ్రిటన్‌లోకెల్లా పెద్దదైనది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పిలుపును రద్దు చేయాలని నాయకులు ఎంత కోరినా, కూలీలందరూ కోరలేదు. 1912లోనే లివర్‌పూల్ రేవులో నమోదు పద్ధతి ప్రవేశపెడితే, ఎదుటి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్ కూలీలు దానికి వ్యతిరేకంగా సమ్మె చేశారు. ఎందుచేత? మూడు రోజులు బాగా కష్టపడి సంపాదించుకొని నాలుగో రోజు ఇంటిపట్టున ఉండే స్వేచ్ఛను వారు వదలుకోలేకపోయారు. నచ్చని యజమాని ఓడ ఎక్కనని అనగలగడం వారికి ఒక గౌరవం. జాబితా అంటూ ఏర్పడితే వృద్ధుల పేర్లు, నోరున్నవారి పేర్లు ముందుగా కొట్టివేస్తారన్న భయం కూడా ఉండేది. ఈ మాటలను అజ్ఞానమని త్రోసివేయడం సులభం. మేమట్లా అనలేము. మా విద్యార్థులు చెప్పే మాటలు సరిగ్గా ఇవే కదా. ఆ స్వేచ్ఛ నిజమైనదే, దాని ధర కూడా నిజమైనదే.

యజమానులకూ ఈ ఏర్పాటు బాగానే ఉండెను. నిరుద్యోగ భీమా చట్టాలు వచ్చిన తరువాత కూలీ మూడు రోజులు రేవులో పని చేసి, మూడు రోజులు ప్రభుత్వ భృతి పుచ్చుకొనడం మామూలైపోయింది. అనగా రేవు తన రిజర్వు సైన్యాన్ని ప్రజల భీమా సొమ్ముతో పోషించుకొన్నది. లాభం కంపెనీకి, నిరీక్షణ ఖర్చు ఖజానాకు. రెండు యుద్ధాల మధ్య ఇరవై సంవత్సరాలు బెవిన్ ఈ విషయమై యజమానులతో బల్ల ముందు కూర్చుంటూనే ఉన్నాడు. అనేక రేవులలో జాబితాలు ఏర్పడ్డాయి, భత్యం మాత్రం ఏర్పడలేదు.

ఆ కాలంలోని తక్కిన సంఘటనలను ఇక్కడ క్లుప్తంగానే చెబుతాము. 1926 సార్వత్రిక సమ్మెను నడిపినవారిలో బెవిన్ ముఖ్యుడు. తొమ్మిది రోజులకే దానిని విరమించినవారిలోనూ ఆయన ఉన్నాడు. సంఘంలో ఎదురు చెప్పేవారంటే ఆయనకు సరిపడేది కాదు. 1937లో లండన్ బస్సు కార్మికుల సమ్మె విఫలమైన తరువాత, దానిని నడిపిన సాధారణ కార్యకర్తలను సంఘం నుండి బహిష్కరింపజేశాడు. మేస్త్రీ వేలికి ఎదురుతిరిగిన మనిషి తానే ఒక్కొక్కప్పుడు వేలు చూపించే మేస్త్రీ అయినాడని ఆయన విరోధులు అనేవారు. అందులో కొంత నిజం ఉన్నదనే మా అభిప్రాయం.

1940 మేలో చర్చిల్ యుద్ధకాల మంత్రివర్గాన్ని ఏర్పరచినప్పుడు బెవిన్‌ను కార్మిక శాఖామంత్రిగా పిలిచాడు. అప్పటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కూడా కాడు. ఇరవై సంవత్సరాలు అడిగినా రానిది మంత్రి కలం ఒక్క నెలలో తెచ్చింది. జూన్ నెలలోనే రేవు కూలీల నమోదు నిర్బంధమని ఉత్తరువు వెలువడింది. 1941లో జాతీయ రేవు కార్మిక సంస్థ ఏర్పడి, పిలుపుకు హాజరై పని దొరకనివారికి హాజరు భత్యం ఇవ్వసాగింది. అందుకు ఖర్చు యజమానుల నుండి రాబట్టారు. దీనికి యుద్ధం కావలసివచ్చిందన్నది ఆలోచించవలసిన సంగతి. ఓడలు బాంబులకు గురియౌతూ ఉంటే, ఆహారం రేవులో కుళ్లుతూ ఉంటే, అప్పుడు గాని కూలీ కాలానికి విలువ ఉందని దేశం గుర్తించలేదు. దానికి బదులుగా కూలీలు వదలుకొన్నదీ తక్కువ కాదు. రోజుకు రెండుసార్లు హాజరు కావాలి, పంపిన ఓడకు పోవాలి, అవసరమైతే వేరే రేవుకు తరలాలి. సమ్మెలు నిషేధించే 1305 సంఖ్య గల ఉత్తరువు మీద సంతకం చేసినది కూడా ఈ సమ్మెల నాయకుడే.

ఆయన మంత్రిగా చేసిన పనులలో మా మనసుకు నచ్చినది మరొకటి. హోటళ్లలో, భోజనశాలలలో పనిచేసేవారు రేవు కూలీల వంటివారు కారు. ఒక చోట పదిమంది, మరొక చోట ముగ్గురు, వచ్చేవారు పోయేవారు, జీతం కంటె బక్షీసు మీద బ్రతికేవారు. వారిలో సంఘం నిలబెట్టడం ఎవరి తరమూ కాలేదు. సంఘం లేని చోట చట్టమే సంఘం పని చేయాలని బెవిన్ నిశ్చయించి 1943లో భోజనశాలల వేతన చట్టాన్ని తెచ్చాడు. చర్చిల్ పార్టీవారే వందమందికి పైగా దానికి వ్యతిరేకంగా వోటు వేశారు. అయినా నెగ్గింది. 1945లో వేతన మండలుల చట్టం ద్వారా అదే పద్ధతిని బలహీనమైన మరికొన్ని వృత్తులకు వర్తింపజేశాడు. మన నిజామాబాదు, కరీంనగరం జిల్లాలలో ఇంట కూర్చొని వేయి బీడీలకు ఇంతని చుట్టే స్త్రీలకు 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టం ఎందుకు అవసరమైనదో తెలిసినవారికి ఈ ఆలోచన క్రొత్తగా తోచదు.

మన దేశంతో ఆయనకు ఉన్న సంబంధం కూడా చెప్పుకొనవలె. 1941 నుండి మన యువకులను బృందాలుగా ఇంగ్లండుకు రప్పించి, కర్మాగారాలలో యంత్రపు పని నేర్పించి పంపే పథకం ఒకటి నడిచింది. వారిని ఇక్కడ బెవిన్ కుర్రవాళ్లు అనేవారు. స్వాతంత్ర్యం ఇచ్చే విషయంలో మాత్రం ఆయనకు అంత తొందర లేదు. ఫలానా తేదీ నాటికి భారతదేశం విడిచి వెళతామని ప్రకటించడం తగదని 1947 ఆరంభంలో ప్రధాని ఆట్లీకి లేఖ వ్రాశాడు. ఆట్లీ వినలేదు. ఇంట కార్మికుని స్వేచ్ఛ కోసం పోరాడినవాడు బయట సామ్రాజ్యం విషయంలో వెనుకాడడం చూచి మేము ఆశ్చర్యపోవడం మానుకొన్నాము. అట్టివారు ఆ తరంలో చాలామంది.

అయినా ఆయన నాటిన విత్తనం మన తీరంలోనూ మొలకెత్తింది. యుద్ధం ముగిసిన తరువాత బ్రిటన్‌లో 1946లో రేవు కార్మికుల నియామక క్రమబద్ధీకరణ చట్టం, 1947లో జాతీయ రేవు కార్మిక మండలి వచ్చాయి. మండలిలో సగం యజమానులు, సగం సంఘాలవారు. మన దేశంలో దాదాపు అదే పేరుతో 1948లో చట్టం చేశారు. రేవు కూలీల నమోదును 1931లోనే రాయల్ కార్మిక కమిషన్ సిఫారసు చేసి ఉన్నది. ఈ చట్టం క్రింద బొంబాయి, కలకత్తా, మద్రాసులతోపాటు మన విశాఖపట్టణంలోనూ రేవు కార్మిక మండలి ఏర్పడింది. ఓడ లేనినాడు కూడా కలాసీ ఇంట పొయ్యి వెలగడానికి ఆ మండలి ఇచ్చిన భత్యం కారణమైనది. 1969లో మహారాష్ట్రంలో మాథాడీ హమాలీల కోసం వచ్చిన చట్టం కూడా ఈ దారినే నడిచింది. అక్కడ మూట ఎవరిదైనా, యజమాని ఎందరైనా, హమాలీ పేరు మండలి పుస్తకంలో ఉంటుంది. మూటకింత అని వర్తకులు కట్టిన సొమ్ము నుండి అతనికి సెలవు జీతం, భవిష్యనిధి లభిస్తాయి.

బ్రిటన్‌లో కథ సాఫీగా సాగలేదు. 1948 జూన్‌లో జింక్ ఆక్సైడు బస్తాలు దించడానికి హెచ్చు కూలి కావాలని లండన్‌లో పదకొండుగురు కూలీలు పట్టుబట్టారు. మండలి వారిని శిక్షించింది. ఆ శిక్ష వేసిన మండలిలో బెవిన్ స్థాపించిన సంఘం మనుష్యులే కూర్చొని ఉన్నారు. కూలీలు వేల సంఖ్యలో సమ్మె కట్టారు, ప్రభుత్వం అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. కార్మికుని పక్షాన వాదించే సంఘమే కార్మికుని దండించే బల్ల మీద కూడా కూర్చుంటే ఎట్లా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. బెవిన్ నిర్మించిన కట్టడంలో ఇదొక పగులు అని మేము ఒప్పుకొనక తప్పదు. పైగా ఉదయపు పిలుపు అప్పటికీ ఉండనే ఉన్నది, దానికి జాబితా, భత్యం తోడైనాయి అంతే. ప్రతి కూలీకి ఒక స్థిరమైన యజమాని, వారపు జీతం ఏర్పడినది లార్డ్ డెవ్లిన్ నివేదిక తరువాత, 1967 సెప్టెంబరులో.

దానిని చూడడానికి బెవిన్ లేడు. గుండె జబ్బుతో ఎన్నేళ్లుగానో బాధపడుతూ, 1951 మార్చిలో విదేశాంగ శాఖ నుండి తప్పుకొని, ఏప్రిల్ 14న కన్నుమూశాడు. తండ్రి పేరు తెలియని బండివాని చితాభస్మం రాజులు నిద్రించే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఉంచారు.

ఆయన పథకం ఆయన తరువాత ముప్ఫై ఎనిమిదేళ్లు బ్రతికింది. ఈలోగా పెద్ద పెద్ద ఇనుప పెట్టెలలో సరుకు రావడం మొదలై, వందమంది చేసే పని పదిమంది చేయసాగారు. 1947లో డెబ్బై అయిదు వేలకు పైగా ఉన్న నమోదు కూలీలు 1989 నాటికి తొమ్మిది వేల పైచిలుకుకు దిగారు. ఆ ఏట థాచర్ ప్రభుత్వం పథకాన్ని రద్దు చేసింది. మన దేశంలోనూ పెద్ద రేవుల విషయమై 1997లో చట్టం చేసి రేవు కార్మిక మండలులను రేవు యాజమాన్యాలలో కలపడానికి వీలు కల్పించారు. విశాఖ మండలి కూడా అట్లా కలిసిపోయింది. లండన్ టూలీ వీధిలో బెవిన్ విగ్రహం నేటికీ ఉన్నది. దాని చుట్టూ ఉన్న పాత గిడ్డంగులు దుకాణాలుగా, కార్యాలయాలుగా మారిపోయాయి, అక్కడ ఇప్పుడు సరుకు ఓడలు ఆగవు.

ఆ నగరంలోనే ఊబర్ డ్రైవర్లు వేసిన వ్యాజ్యంలో 2021 ఫిబ్రవరి 19న బ్రిటిషు సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. వారు స్వతంత్ర వ్యాపారులు కారని, కార్మిక హక్కులు గలవారని, ఫోను తెరచి తమ ప్రాంతంలో ప్రయాణీకుని కోసం సిద్ధంగా ఉన్న కాలం పని కాలమేనని నిర్ణయించింది. మరుసటి నెలలో కంపెనీ కనీస వేతనం, సెలవు జీతం ఇస్తామని ప్రకటించింది. మే నెలలో జి.ఎం.బి. అనే పాత సంఘాన్ని గుర్తించింది కూడా. మన దేశంలో 2020 సామాజిక భద్రతా స్మృతి ఇట్టి పనివారికి గిగ్ కార్మికులని చట్టంలో మొదటిసారి పేరు పెట్టింది. 2023లో రాజస్థాన్ శాసనసభ వారి పేర్లు నమోదు చేసి, ప్రతి లావాదేవీ మీద రుసుము వసూలు చేసి వారి సంక్షేమానికి వినియోగించే చట్టం చేసింది. మూటకింత అన్న హమాలీల లెక్కయే ఇక్కడ ఆర్డరుకింత అయినది. అయితే లండన్‌లో ఆ కంపెనీ ప్రకటించిన కనీస వేతనం ప్రయాణాన్ని అంగీకరించినప్పటి నుండి దింపివేసే వరకే వర్తించింది. అంతకు పూర్వం వీధి ప్రక్కన బండి ఆపుకొని ఎదురుచూచిన కాలం ఆ లెక్కలో చేరలేదు. దానిని చేర్చాలని డ్రైవర్ల సంఘంవారు ఆ నెలలోనే అభ్యంతరం తెలిపారు.